కథలో ఎవరి వాటా ఎంత? రోల్‌ప్లే ఆటలో అందరికీ చోటు దొరకాలంటే

అయిదుగురు కూర్చుని మూడు గంటలు ఆడతారు. ఆట అయ్యాక ఇద్దరు అదే ఊపులో ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. ఒకరు ఎప్పుడో ఫోన్‌లో పడిపోయారు. మిగతా ఇద్దరు "బాగుందిరా" అనేసి చెప్పులేసుకుంటారు. ఆ బాగుందన్నవాళ్ళలో ఒకరు పైవారం రారు. ఏదో పని పడిందంటారు. ఆ పైవారం ఇంకో పని. నెల తిరిగేసరికి గుంపులో నలుగురే మిగులుతారు, ఎందుకు తగ్గామో ఆ నలుగురికీ అర్థం కాదు. గొడవేమీ జరగలేదు, ఎవరూ ఎవర్నీ ఒక మాట అనలేదు. ఆ మనిషి పాత్ర ఉన్నా లేకపోయినా కథ అలాగే నడిచేది, అంతే.

టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆటలు ఆడే గుంపుల్లో తరచూ కనిపించే సమస్య ఇది. దీని గురించి కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు మాత్రం తక్కువ. కొత్తవాళ్ళ కోసం ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలు జనంలోకి వచ్చాయి. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుంటారు. కథలోని లోకాన్ని, అందులో ఎదురయ్యే మనుషుల్ని, ఆపదల్ని వాళ్ళే నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "నేను గోడ దూకుతాను" అని ఒకరంటే, దూకగలిగారో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. కథ ముందుకు సాగడమే ఆట. కాబట్టి కథలో చోటు లేనివాళ్ళు అక్కడ కూర్చున్నారే గానీ ఆడినట్టు కాదు.

మా వైపు, భీమవరం, అమలాపురం, కాకినాడల్లో, ఈ ఆట ఎక్కువగా కాలేజీ హాస్టల్ గదుల్లోనో, సంక్రాంతికి ఇంటికొచ్చిన అన్నదమ్ముల పిల్లల మధ్యనో నడుస్తుంది. హాల్లో చాప పరిచి, మధ్యలో జంతికల పళ్ళెం పెట్టుకుని ఆడతారు. ఈ వాతావరణం ముఖ్యం. ఎవరు మాట్లాడతారు, ఎవరు ఊరుకుంటారన్నది ఆట మొదలవకముందే సగం ఇక్కడే తేలిపోతుంది.

ఒకరిద్దరి చేతుల్లోకే ఎందుకు పోతుంది

గేమ్ మాస్టర్ నోట ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న "ఇప్పుడు ఏం చేస్తారు?" అన్నదే. వినడానికి అందరినీ అడిగినట్టే ఉంటుంది. జవాబు మాత్రం నోరు ముందు తెరిచినవాళ్ళదే అవుతుంది.

ఇందులో మనుషుల తప్పు కంటే మాటల నడక పాత్ర ఎక్కువ. ఆ ఆట వచ్చిన 1974లోనే హార్వీ శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ అనే ముగ్గురు పరిశోధకులు, సంభాషణలో వంతులు ఎలా చేతులు మారతాయో వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళు చెప్పింది క్లుప్తంగా ఇది: మాట్లాడుతున్న మనిషి ఫలానావాళ్ళు అని ఎంచుకుంటే వంతు వాళ్ళది. ఎంచుకోకపోతే ముందుగా అందుకున్నవాళ్ళది. ఎవరూ అందుకోకపోతే మొదటి మనిషే కొనసాగించవచ్చు. 2009లో పది భాషల మీద జరిగిన మరో అధ్యయనంలో, ఒకరు ప్రశ్న వేసి ఆగడానికీ ఇంకొకరు జవాబు అందుకోవడానికీ మధ్య ఎడం సగటున సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది. అంటే కనురెప్ప వేసినంత సేపు. "నా పాత్రయితే ఏం చేస్తుంది?" అని ఒక్క క్షణం ఆలోచించుకునే మనిషికి ఆ ఎడంలో చోటు దొరకదు. ఆలోచన పూర్తయ్యేసరికి బండి కదిలిపోయి ఉంటుంది.

దీనికి తోడు మన ఇళ్ళల్లో వరసలున్నాయి. పెద్ద బావ మాట్లాడుతుంటే మరదలు మధ్యలో అందుకోదు. అన్నయ్య "ముందు నేను లోపలికెళ్తాను, మీరు వెనకాల రండి" అంటే తమ్ముడు సరేనంటాడు. కథలో తమ్ముడిది దొంగ పాత్ర, చప్పుడు కాకుండా తాళం తీయడం ఒక్క వాడికే వచ్చు. అయినా వెనకాలే వెళతాడు. చాప మీద కూర్చున్నది తమ్ముడే గానీ దొంగ కాదు కదా. కొత్తగా పెళ్ళయి వచ్చిన వదిన ఆటలో రాణి అయినా సరే, మామగారు గడపలో నిలబడి చూస్తుంటే ఆజ్ఞలు జారీ చేయలేదు.

ఇంకోటి, చాలామంది గమనించనిది. వంటింట్లోంచి "ఎవరైనా వచ్చి కాస్త టీలు అందుకోండర్రా" అని పిలుపు వస్తే లేచేది దాదాపు ప్రతిసారీ ఆడపిల్లే. తిరిగొచ్చేసరికి కథ ఒక మలుపు దాటేసి ఉంటుంది. "నువ్వు లేవుగా, నీ బాణం నేనే వేయించేశాను" అని ఎవరో తేలిగ్గా అనేస్తారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మూడు గంటల ఆటలో ఇలా రెండుసార్లు జరిగితే ఆమె పాత్ర ఆమెది కాకుండా పోయినట్టే. నా దృష్టిలో దీనికి ఒకటే నియమం ఉండాలి, అదీ రాజీ లేకుండా: ఎవరు లేచినా ఆట ఆగాలి. టీ తేవడానికి లేచినా, అమ్మ ఫోన్ చేసినా అంతే. అందరూ కలిసి టీ తెచ్చుకుంటే ఇంకా మంచిది.

భాష సంగతి కూడా ఉంది. నియమాల పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిని నమిలేసినవాళ్ళు "నేను రియాక్షన్ వాడతాను, కౌంటర్ చేస్తాను" అని దూసుకుపోతుంటారు. పుస్తకం అంతగా ఎక్కనివాళ్ళు వాళ్ళ మొహం చూస్తూ కూర్చుంటారు. ఆటని పూర్తిగా తెలుగులో నడిపి, "ఏం చేయాలనుకుంటున్నావో నీ మాటల్లో చెప్పు, ఏ నియమమో నేను చూసుకుంటా" అని గేమ్ మాస్టర్ అంటే ఎవరు మాట్లాడతారన్నదే మారిపోతుంది. రేవులో జనంతో బేరమాడే సన్నివేశం వస్తే, ఇంగ్లీషు రాదని వెనక్కి జరిగినవాళ్ళు "ఆయ్, అలాగేనండి, మరి మా సంగతేంటండి" అని అందుకుని ఇరగదీస్తారు.

ఇక నియమాలు. యుద్ధం వస్తే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇనీషియేటివ్ అని డైస్ వేసి వరస పెడతారు. అక్కడ అందరికీ వంతు ఖాయం. యుద్ధం లేనప్పుడు ఏ వరసా ఉండదు. పోనీ వరస ఉన్నప్పుడైనా సమానమా అంటే అదీ కాదు. మాంత్రికుడి పాత్ర వేసినవాళ్ళు ఇరవై మంత్రాల్లో ఒకటి ఎంచుకోవడానికి అయిదు నిమిషాలు తీసుకుంటారు. కత్తి పట్టినవాళ్ళు "కొడతాను" అంటారు, అర నిమిషంలో అయిపోతుంది.

మాటకారితనం ఎక్కువున్న పాత్రతో మరో చిక్కు. ఊళ్ళో ఎవరితో మాట్లాడాలన్నా డైస్ మీద ఆ పాత్రకే ఎక్కువ కలిసొస్తుంది కాబట్టి అందరూ దాన్నే ముందుకు తోస్తారు. లెక్క ప్రకారం అది తెలివైన పనే. కానీ దానివల్ల మిగతా నలుగురు ఆ కథాలోకంలో ఒక్క మనిషితో కూడా మాట్లాడకుండా నెలలు గడిచిపోతాయి. ఆ ఆట అయిదో ఎడిషన్‌లో గ్రూప్ చెక్ అని ఒక నియమం ఉంది: అందరూ డైస్ వేయాలి, కనీసం సగం మంది గట్టెక్కితే గుంపంతా గట్టెక్కినట్టే. దీన్ని మనవాళ్ళు వాడాల్సినంతగా వాడరు. దానికంటే తేలిక దారి ఇంకొకటుంది. ఎదురొచ్చిన ముసలావిడ మాటకారిని పట్టించుకోకుండా, వెనకాల నిలబడ్డ వైద్యురాలి వైపు చూసి "నువ్వు ఫలానావారి మనవరాలివి కాదూ?" అంటే చాలు.

సమానం అంటే నిమిషాలు కాదు

మూడు గంటల ఆటలో సగం గేమ్ మాస్టర్ మాటలకే పోయిందనుకుందాం. మిగిలేది 90 నిమిషాలు. అయిదుగురు ఆటగాళ్ళుంటే తలకి 18 నిమిషాలు. పండక్కి ఇంకో ముగ్గురు కజిన్స్ వచ్చి కూర్చుంటే 11. ఈ లెక్క ఒక్కసారైనా వేసుకోవడం మంచిదే. ఎనిమిది మందితో ఆడి "అందరికీ న్యాయం చేస్తాను" అనడం ఎంత కష్టమో తెలుస్తుంది. నన్నడిగితే నలుగురు లేదా అయిదుగురు ఆటగాళ్ళ దగ్గర ఆపేసి, ఎక్కువమంది ఉంటే రెండు గుంపులు చేయడం మేలు.

అయితే గడియారం పెట్టుకుని 18 నిమిషాలు పంచినంత మాత్రాన పని అయిపోదు. దీన్ని అర్థం చేసుకోవడానికి డెల్టా రైతు కంటే మంచి గురువు లేడు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాలకు పైగా ఇవాళ్టికీ ఆ కాలువల మీదే ఆధారం. కాలువ మొదట్లో ఉన్న పొలానికి అడక్కుండానే నీళ్ళు ఎక్కుతాయి. శివారు భూములకి చేరేసరికి కాలువ అడుగంటుతుంది. అందుకే దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరు తక్కువైనప్పుడు వంతులవారీగా వదులుతారు. అయినా వంతు పెట్టగానే శివారు రైతు గండం గట్టెక్కినట్టు కాదు. చేను పొట్ట మీద ఉన్నప్పుడు అందాల్సిన తడి అప్పుడే అందాలి. ఆ తడి తప్పితే, కోతల నాటికి దానికి రెండింతలు వదిలినా గింజ తాలే.

ఆటలోనూ అంతే. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారన్న దానికంటే, కథ ఎటు తిరగాలో తేలే క్షణంలో ఎవరి మాట చెల్లిందన్నది ముఖ్యం. దారి ఖర్చుల లెక్క, దుకాణంలో బేరం, గుర్రానికి పేరు పెట్టడం లాంటి వాటిలో ఒకరికి అరగంట ఇచ్చి, రాజుని చంపాలా వదలాలా అన్న నిర్ణయం ఎప్పుడూ ఒక్కరే తీసుకుంటుంటే దాన్ని పంచడం అనరు. నేను పట్టుకునే కొలబద్ద ఒకటే: ఈ మనిషి ఇవాళ రాకపోయి ఉంటే కథ వేరేగా నడిచేదా? ప్రతి ఆటగాడి విషయంలోనూ, ప్రతిసారీ కాకపోయినా రెండు మూడు సెషన్లకొకసారైనా, దీనికి జవాబు "అవును" అని రావాలి.

ఒక సన్నివేశం దగ్గరగా చూద్దాం. కథ గోదావరి వరదలో జరుగుతోంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక వచ్చేసింది. 17.75 చేరితే మూడోది. ఒక లంక గ్రామం చుట్టూ నీళ్ళు కమ్ముకుంటున్నాయి. బావది లాయరు పాత్ర, గడగడా మాట్లాడతాడు. మరదలిది పడవ నడిపే పాత్ర, ఆటలో పెద్దగా నోరు విప్పదు. ఇంకో ఇద్దరున్నారు.

"ఇప్పుడు ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అందరి మొహాలూ చూశాడనుకోండి. బావ వెంటనే "నేను కలెక్టరాఫీసుకి ఫోన్ చేసి పెద్ద బోటు పంపమంటా" అంటాడు. అధికారితో వాదన ఇరవై నిమిషాలు సాగుతుంది, రసవత్తరంగానే ఉంటుంది. బోటు వస్తుంది. పడవ నడిపే అమ్మాయిని చివర్లో "నువ్వు కూడా ఓ నలుగుర్ని ఎక్కించుకో" అంటారు. సరే, ఎక్కించుకుంటుంది.

అదే సన్నివేశం ఇంకోలా. గేమ్ మాస్టర్ నేరుగా ఆ అమ్మాయి వైపు తిరిగి ఇలా అంటాడు: "పడవ నీది. ఎనిమిది మంది కంటే పట్టరు. రేవులో పదిహేను మంది నిలబడ్డారు. నీ పడవ తాడు పట్టుకుని నిలబెట్టింది నీకు చిన్నప్పుడు ఈత నేర్పిన ముసలాయన. నీళ్ళు ఆయన నడుం దాకా వచ్చేశాయి. ఎవర్ని ఎక్కించుకుంటావు?" ఇక్కడ గేమ్ మాస్టర్ చేయాల్సిన అసలు పని, నోరు మూసుకోవడం. ఒక సెకను, రెండు. బావ ఆగలేక "నేనైతే ముందు..." అని మొదలుపెడతాడు. "బావా, నువ్వు కలెక్టరాఫీసులో ఉన్నావు, రేవులో లేవు. ఒక్క నిమిషం ఆగు." మళ్ళీ నిశ్శబ్దం. ఆ అమ్మాయి మెల్లగా అంటుంది: "పిల్లల్ని ఎక్కిస్తా. పిల్లలొక్కళ్ళనే. తాతని... తాడు వదిలెయ్యమంటా."

ఆమె మాట్లాడింది రెండు నిమిషాలు ఉండదు. కానీ అక్కడి నుంచి కథ మొత్తం ఆమె చేతిలో పడింది. బావ పాత్ర ఇప్పుడు అధికారితో వాదిస్తున్నది ఊరికే బోటు కోసం కాదు, రేవులో మిగిలిన ఏడుగురి కోసం, ఆ తాత కోసం. మిగతా ఇద్దరూ "మేం ఈదుకుంటూ వెళ్తాం" అని లేస్తారు. బావ ఆ రోజు కూడా ఎక్కువే మాట్లాడి ఉంటాడు, అందులో తప్పేమీ లేదు. పైగా అతని మాటలకి ఇప్పుడు బరువొచ్చింది.

ఆ ప్రశ్న ఎందుకు పనిచేసిందో చూడండి. అది పేరు పెట్టి అడిగిన ప్రశ్న, కాబట్టి వంతు ఎవరిదన్న పోటీ లేదు. "ఏం చేస్తావ్" అని గాల్లో వదలకుండా ఎంచుకోవడానికి రెండు మూడు దారులు కళ్ళ ముందు పెట్టింది. బిడియం ఉన్నవాళ్ళకి ఖాళీ కాగితం ఇస్తే చెయ్యి ఆడదు. ఏది ఎంచుకున్నా ఎంతో కొంత పోయేలా ఉంది. మిగతాది ఆ ఎదురుచూపు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు తరగతి గదులు పరిశీలించి, టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఆట మధ్యలో మూడు సెకన్లు ఊరుకోవడం గేమ్ మాస్టర్‌కి పెద్ద టెన్షన్‌గా ఉంటుంది, ఆట చల్లబడిపోతుందేమో అనిపిస్తుంది. చల్లబడదు.

చేతికి అందే పనులు

కొన్ని ఆటలు ఈ పనిని నియమాల్లోనే పెట్టుకున్నాయి. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ తెచ్చిన ఫియాస్కోలో గేమ్ మాస్టరే ఉండరు. వరసగా ఒక్కొక్కరి వంతు వస్తుంది. వంతు వచ్చినవాళ్ళు తమ సన్నివేశాన్ని తామే మొదలుపెడతారా, లేక అది మంచిగా ముగియాలో చెడుగా ముగియాలో తాము తేలుస్తారా అన్నది ఎంచుకోవాలి. ఒకటి తీసుకుంటే రెండోది మిగతావాళ్ళ చేతికి పోతుంది. వంతు ఖాయం, పెత్తనం మాత్రం సగమే. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. 2025లో వచ్చిన డాగర్‌హార్ట్‌లో యుద్ధానికి కూడా వరస లేదు. కానీ కావాలనుకున్నవాళ్ళకి ఒక ఐచ్ఛిక నియమం ఇచ్చారు: తలకి మూడు టోకెన్లు, కథలో ముందుకొచ్చినప్పుడల్లా ఒకటి ఖర్చు, అందరివీ అయిపోయాకే మళ్ళీ పంపకం. టోకెన్లు లేకపోతే చింతగింజలు చాలు. ఏ ఆటలోనైనా పెట్టుకోవచ్చు.

తన పని అయ్యాక తర్వాత ఎవరో ఆ ఆటగాడే ఎంచుకునే పద్ధతి కూడా కొన్ని గుంపుల్లో ఉంది. మొదట్లో స్నేహితులు స్నేహితులకే ఇచ్చుకుంటారు. కానీ ఒక రౌండ్‌లో అందరూ ఒక్కసారి ఆడే దాకా రెండోసారి లేదు అంటే అది సర్దుకుంటుంది.

గేమ్ మాస్టర్ దగ్గర ఒక కాగితం ఉండాలి. దాని మీద అందరి పేర్లు. ఎవరైనా కథ మలుపు తిప్పే నిర్ణయం తీసుకున్నప్పుడు పేరు పక్కన ఒక గీత. మాట్లాడినందుకు కాదు, నిర్ణయానికే గీత. సగం ఆట అయ్యాక చూసుకుంటే ఖాళీ పేరు కనిపిస్తుంది. తర్వాతి ప్రశ్న ఎవరికో వెతుక్కోనక్కర్లేదు.

గుంపు రెండుగా చీలినప్పుడు సన్నివేశం పూర్తయ్యే దాకా ఒకవైపే ఉండిపోకూడదు. తలుపు తెరవబోతుండగా ఆపి అటువైపు వెళ్ళాలి, అక్కడ ఎవరో గట్టిగా అరిచినప్పుడు ఆపి ఇటు రావాలి. పాత్ర పూర్వకథ విషయంలో ఇంకో అన్యాయం జరుగుతుంది. ఒకరు పది పేజీలు రాసుకొస్తారు, ఒకరు రెండు లైన్లు. ఎక్కువ సరుకు ఉన్నచోటికే గేమ్ మాస్టర్ మనసు పోతుంది. పేజీలు వద్దని, మొదటి రోజే అందరినీ ఒకే మూడు ప్రశ్నలు అడిగితే సరిపోతుంది: నీ పాత్ర ఎవరికి బాకీ? ఎవరి కంట పడకూడదనుకుంటోంది? దేనికోసం అబద్ధం ఆడుతుంది?

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వీడియో కాల్‌లో కలిసేవాళ్ళుంటే వాళ్ళు కాలువ చివర ఉన్నవాళ్ళని లెక్క. మాట ఆలస్యంగా చేరుతుంది, ఈలోపు ఇక్కడివాళ్ళు అందుకుంటారు. ల్యాప్‌టాప్‌ని చాప చివర కాకుండా గేమ్ మాస్టర్ పక్కనే పెట్టి, ప్రతి కొత్త సన్నివేశంలో మొదటి ప్రశ్న వాళ్ళనే అడగాలి.

గట్టిగా మాట్లాడేవాళ్ళు, మాట్లాడనివాళ్ళు

ఎక్కువ మాట్లాడే ఆటగాణ్ణి విలన్ చేయకండి. అందరూ ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజున ఆటని భుజాన మోసేది ఆ మనిషే. పదిమంది ముందు "నువ్వు కాసేపు ఊరుకో" అంటే మనసు నొచ్చుకుంటుంది, ఆపైన నిజంగానే ఊరుకుంటాడు. అప్పుడు ఆట మొత్తం కుంటుతుంది. విడిగా పిలిచి, "బావా, నీకు ఊపు తేవడం వచ్చు. మరదలి పాత్రని లాగే పని నీకిస్తున్నా" అని చెప్పండి. కథలో అతని లాయరు "ఈ సంగతి మా సరంగుకే తెలియాలి, ఆవిణ్ణి అడగండి" అంటే, గేమ్ మాస్టర్ పది ప్రశ్నలు వేసినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది. తోటి పాత్రకి మాట అందించడం చాలా గొప్ప నైపుణ్యం. అది చేసినప్పుడు అందరి ముందూ మెచ్చుకోవాలి.

గేమ్ మాస్టర్లు తమని తాము కూడా చూసుకోవాలి. మంత్రి, సేనాపతి ఇద్దరూ గేమ్ మాస్టర్ పాత్రలే, వాళ్ళిద్దరూ పావుగంట సంభాషించుకుంటున్నారంటే ఆ పావుగంట ఆటగాళ్ళ వాటాలోంచి పోయినట్టు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పేస్తే చాలు.

ఇక మాట్లాడనివాళ్ళు. అందరి మౌనం ఒకటి కాదు. కొందరికి పక్కన కూర్చుని కథ చూడటమే ఇష్టం. వాళ్ళని పదేపదే వెలుగులోకి లాగితే అది శిక్షలా ఉంటుంది. కొందరు సందు దొరక్క ఊరుకుంటారు. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు కాబట్టి అడిగి తెలుసుకోవాల్సిందే. ఆట దగ్గర, అందరి ముందూ కాదు. బస్టాండ్‌కి దింపేటప్పుడు బండి మీద, లేదా మర్నాడు వాట్సాప్‌లో. "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది, మన మర్యాద అలాంటిది. "నిన్న ఎక్కడైనా నువ్వు ఏదో చేయాలనుకుని చేయలేకపోయావా?" అని అడగండి. ఏమీ లేదంటే ఆ మాట నమ్మి వదిలేయండి. ఒకటి రెండు నెలలయ్యాక మాత్రం మళ్ళీ అడగండి. మొదట్లో ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా, కథ నచ్చే కొద్దీ అందులో చెయ్యి పెట్టాలని అనిపించవచ్చు.